ఇంపీరియల్ ట్రయంఫంట్ ‘గోల్డ్‌స్టార్’: నిడివి తగ్గింది సరే, కష్టం తగ్గిందా?

కేఆర్‌పురం శ్రోత:
మిత్రులారా, న్యూయార్క్ బృందం ఇంపీరియల్ ట్రయంఫంట్ 2025 మార్చిలో విడుదల చేసిన ‘గోల్డ్‌స్టార్’ గురించి తెలుగులో తీరిగ్గా మాట్లాడుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. బెంగళూరులో ఈ బృందం పేరు ఎత్తితే మాట ముందుగా వాళ్ల బంగారు ముసుగుల మీదికి పోతుంది, ఆ తర్వాత ‘అసలు ఇది సంగీతమేనా’ అన్న ప్రశ్న మీదికి పోతుంది. ఈ రెంటి మధ్య అసలు ఆల్బమ్‌లో ఏముందో చెప్పేవాళ్లు దొరకడం లేదు.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. బృందంలో ముగ్గురే ఉన్నారు. జాకరీ ఎజ్రిన్ గిటార్ వాయిస్తూ పాడతాడు, స్టీవ్ బ్లాంకో బేస్ గిటార్ వాయిస్తాడు, కెన్నీ గ్రోహోవ్‌స్కీ డ్రమ్స్ వాయిస్తాడు. మెటల్ అనే హోరు రాక్‌లో తీవ్రమైన శాఖ అయిన బ్లాక్ మెటల్ వేగానికీ కర్కశత్వానికీ జాజ్ లయనూ, ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని అపస్వరాల కూర్పునూ కలిపి వాయించడం వీళ్ల దారి. 2018లో ‘వైల్ లగ్జరీ’, 2020లో ‘ఆల్ఫావిల్’, 2022లో ‘స్పిరిట్ ఆఫ్ ఎక్స్టసీ’ వచ్చాయి. అవన్నీ దీర్ఘమైన ఆల్బమ్‌లు. ‘గోల్డ్‌స్టార్’ తొమ్మిది పాటలతో నలభై నిమిషాల లోపే ముగుస్తుంది. అందుకే చాలామంది దీన్ని ‘సులువైన ఆల్బమ్’ అంటున్నారు.

నాకు ఆ మాట సరిగా తోచడం లేదు. ముందరి ఆల్బమ్‌లలో ఒక భావం వచ్చి, విస్తరించి, మెల్లగా కరిగిపోయి, వినేవాడికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరికేది. ఇక్కడ ఆ వ్యవధిని కోసేశారు. ఉన్న సరుకంతా ఉంది, మధ్యలో ఉండే ఖాళీ మాత్రమే పోయింది. ఖాళీ పోతే సంగీతం తేలిక కాదు, ఇంకా చిక్కబడుతుంది. మీరేమంటారో చెప్పండి.

ఆల్ఫావిల్ పక్షం:
శ్రోత గారూ, మీరు చెప్పిన ‘చిక్కదనం’ నాకు వినపడలేదు, తొందర వినపడింది. ‘ఆల్ఫావిల్’లో ఒక్కో పాటకు ఒక కట్టడం ఉండేది. ‘సిటీ స్వైన్’ పాటలో మెషుగా డ్రమ్మర్ తోమాస్ హాకె జపాన్ దేశపు తైకో డోళ్లు వాయిస్తాడు. ఆ డోళ్ల భాగం పాటలోకి రావడానికి ముందు ఎంత దూరం నడిపించి తీసుకువస్తారో గమనించండి. అక్కడికి చేరేసరికి, ఇది ఇక్కడ తప్ప మరెక్కడా ఉండకూడదన్న నమ్మకం కలుగుతుంది. ఆ ఆల్బమ్‌కు మిస్టర్ బంగుల్ గిటారిస్టు ట్రే స్ప్రూయన్స్ నిర్మాణంలో చెయ్యివేశాడు. ఒక శబ్దం పక్కన మరో శబ్దాన్ని ఎందుకు పెట్టాలో ఆలోచించిన మనిషి జాడ అందులో స్పష్టంగా కనపడుతుంది.

‘గోల్డ్‌స్టార్’లోనూ హాకె ఉన్నాడు, స్లేయర్‌లో వాయించిన డేవ్ లొంబార్డో కూడా ఉన్నాడు. ఇద్దరు మహా డ్రమ్మర్లు అతిథులుగా వచ్చిన ‘ప్లెజర్‌డోమ్’ వినండి. వాళ్లు వచ్చిన సంగతి మనకు తెలిసేలోపే పాట మరో వైపుకు తిరిగిపోతుంది. అతిథిని పిలిచి గుమ్మంలోనే నిలబెట్టి పంపేసినట్టు ఉంది. అవాంట్‌గార్డ్ (ప్రయోగ) సంగీతం అంటే శ్రోతను ఇబ్బంది పెట్టడం ఒక్కటే కాదు, ఆ ఇబ్బందికి తగిన ఫలితం కూడా దక్కాలి. ఆ ఫలితం పండడానికి సమయం కావాలి. ఇక్కడ ఆ సమయమే లేదు.

గతిభేదం:
నేను మెటల్ అభిమానిగా కంటే మృదంగం నేర్చుకునేవాడిగా ఈ బృందం దగ్గరికి వచ్చాను, కాబట్టి నా మాట లయ గురించే ఉంటుంది. కాస్త పొడుగవుతుంది, సహించండి.

ఏటా శ్రీరామనవమికి చామరాజపేట కోట హైస్కూలు మైదానంలో జరిగే కచేరీలకు వెళ్లినవాళ్లకు ఒక దృశ్యం తెలిసే ఉంటుంది. తని ఆవర్తనం, అంటే మృదంగం విడిగా వాయించే ఘట్టం, మొదలవగానే ముందు వరసల్లోని పెద్దవాళ్ల చేతులు తొడల మీద తాళం వేయడం మొదలుపెడతాయి. మృదంగం నాలుగు లెక్క చతురశ్రం నుంచి మూడు లెక్క తిశ్రానికి, అక్కడి నుంచి ఐదు లెక్క ఖండానికి మారినా, విద్వాంసుడు ఎంత వక్రమైన లెక్క వేసినా, వాళ్ల చేతిలోని ఆదితాళం కదలదు. ఆ కదలని తాళానికి ఎదురుగా నిలిపి చూసుకోవడం వల్లే ఆ లెక్కలోని అందం తెలుస్తుంది. కోర్వై, అంటే మూడుసార్లు వాయించే ముగింపు లెక్క, మూడోసారి వచ్చి సరిగ్గా ఎత్తుగడ మీద వాలినప్పుడు సభ అంతా ఒక్కసారిగా ‘భళా’ అనడానికి కారణం ఆ తాళం అందరి చేతుల్లోనూ ఉండటమే.

ఇంపీరియల్ ట్రయంఫంట్‌ను విన్నప్పుడు నాకు ఎదురైన కష్టం ఏమిటంటే, లెక్కలు వక్రంగా ఉండటం కాదు, తాళం ఎవరి చేతిలో ఉందో తెలియకపోవడం. సాధారణ మెటల్ పాటలో పదునుగా మోగే స్నేర్ డోలు దెబ్బ మనకు తాళం వేసి చూపిస్తుంది. బ్లాస్ట్‌బీట్ అనే అతివేగపు వాయింపులో కూడా, ఎంత వేగంగా ఉన్నా, కాలితో కొట్టే కిక్‌కూ స్నేర్‌కూ మధ్య ఒక క్రమం ఉంటుంది. గ్రోహోవ్‌స్కీ మాత్రం జాజ్ డ్రమ్మర్లలాగా తాళాన్ని తరచూ కుడిచేత్తో మోగించే లోహపు పళ్లెం సింబల్‌కు అప్పగించి, స్నేర్‌నూ కిక్‌నూ వ్యాఖ్యానానికి వాడుకుంటాడు. మనం అలవాటుగా స్నేర్‌ను పట్టుకుంటాం, అది మనల్ని ఎక్కడికో తీసుకుపోయి వదిలేస్తుంది.

మన శాస్త్రంలో తాళానికి సమ, అతీత, అనాగత గ్రహాలని చెబుతారు. పాట తాళంతోపాటే మొదలుకావచ్చు, తాళం ఎత్తుగడ కంటే ముందే మొదలుకావచ్చు, ఎత్తుగడ దాటాక మొదలుకావచ్చు. ‘గొమోరా నూవో’, ‘రాట్ మోడర్న్’ పాటలను ఈ దృష్టితో విన్నాక, గిటార్ వాక్యాలు డ్రమ్స్ వాక్యాలతోపాటు మొదలై తోడుగా ముగియవలసిన పని లేదని ఒప్పుకున్నాక, నాకు చాలా భాగం తెరుచుకుంది. ముగ్గురూ మూడు చోట్ల ఎత్తుకుంటారు, అప్పుడప్పుడు మాత్రమే ఒక చోట కలుస్తారు. పాత ఆల్బమ్‌లలో ఆ కలిసే చోట్ల మధ్య దూరం ఎక్కువగా ఉండేది, ఇందులో బాగా తగ్గింది. కాబట్టి ఆల్ఫావిల్ పక్షం గారు ‘తొందర’ అన్న చోట నేను ‘కుదింపు’ అంటాను. మన త్రికాలంలో, అంటే మూడు వేగాల్లో, పల్లవిని మూడో కాలంలో పాడినప్పుడు సాహిత్యం తగ్గదు కదా.

మారతహళ్లి కొత్తగొంతు:
నమస్కారమండీ. నేను ఈ రకం సంగీతానికి పూర్తిగా కొత్త. ఆఫీసుకు వెళ్లే బస్సులో అవుటర్ రింగ్ రోడ్డు మీద ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ‘ఐ ఆఫ్ మార్స్’ రెండుసార్లు విన్నాను. నాకు ఒకే మోత వినిపించింది, ఏది గిటారో ఏది బేసో విడదీయలేకపోయాను. మీరంతా చెబుతున్న వాక్యాలూ, కలిసే చోట్లూ ఎక్కడున్నాయో నిజంగా తెలుసుకోవాలని ఉంది. ఈ అపస్వరాలు వినగానే పళ్లు జివ్వుమన్నట్టు ఎందుకు అనిపిస్తుంది? అలవాటు లేకపోవడం వల్లనా, లేక వాటిలోనే ఏదైనా ఉందా?

తీగశ్రుతి:
కొత్తగొంతు గారూ, మీ ప్రశ్న చాలా మంచిది. అలవాటు వేరు, శబ్దం వేరు. రెండూ ఉన్నాయి. శబ్దం సంగతి చెబుతాను, మీ దగ్గరగానీ మీ రూమ్‌మేట్ దగ్గరగానీ గిటార్ ఉంటే ఇప్పుడే చేసి చూడవచ్చు.

మామూలు శ్రుతిలో ఉన్న గిటార్‌లో డి తీగను వట్టిగా మీటండి. అది సెకనుకు దాదాపు 147 సార్లు కంపిస్తుంది. ఇప్పుడు దాని పై తీగ, అంటే ఎ తీగ, ఆరో ఫ్రెట్ (గిటార్ మెడ మీది లోహపు గీత) దగ్గర నొక్కి మీటండి. అది దాదాపు 156 సార్లు కంపిస్తుంది. రెంటినీ కలిపి మోగించి చెవి పెట్టి వింటే శబ్దం సెకనుకు తొమ్మిదిసార్లు పెరుగుతూ తగ్గుతూ కొట్టుకోవడం తెలుస్తుంది. అంత వేగంగా జరిగే కొట్టుకోవడాన్ని చెవి విడివిడి దెబ్బలుగా లెక్కించలేదు, గరుకుదనంగా అనుభవిస్తుంది. మీకు పళ్లు జివ్వుమన్నది ఆ గరుకుదనమే.

ఇక డిస్టార్షన్, అంటే గిటార్ శబ్దాన్ని కావాలని చెదరగొట్టి గరుకుగా మార్చడం, దీనికి మరో పొర చేరుస్తుంది. డిస్టార్షన్‌లోకి రెండు స్వరాలు కలిసి వెళితే, అవి రెండే బయటికి రావు. వాటి మొత్తమూ, వాటి తేడా కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. కార్డ్ అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపు. రాక్‌లో అందరూ వాడే రెండు స్వరాల పవర్ కార్డ్ తీసుకోండి. 110, 165 కంపనాల ఎ, ఇ స్వరాలను కలిపితే తేడా 55 అవుతుంది. అది అదే ఎ స్వరానికి కింది స్థాయి. అందుకే పవర్ కార్డ్ డిస్టార్షన్‌లో అంత నిండుగా మోగుతుంది. పైన చెప్పిన 147, 156 జతకు తేడా తొమ్మిదే. అది స్వరంగా వినపడనంత కింద ఉంటుంది, కానీ మోగుతున్న ప్రతిదాన్నీ వణికిస్తుంది. ఎజ్రిన్ వాయించే కార్డులు ఈ జాతివి. వాటిని వేగంగా మార్చుతూ పోతే ఏ స్వరమూ నిలదొక్కుకోదు, ఒక గోడలా వినపడుతుంది.

ఈ దారి వీళ్లు ఒక్కరే కనిపెట్టింది కాదు. కెనడాలోని క్యుబెక్‌కు చెందిన వొయివోడ్ బృందం 1980లలోనే ఇటువంటి వంకర కార్డులను మెటల్‌లోకి తెచ్చింది. క్యుబెక్ నుంచే వచ్చిన గోర్గట్స్ 1998లో ‘ఆబ్‌స్క్యూరా’తో డెత్ మెటల్ అనే మరో మెటల్ శాఖలో దాన్ని ఇంకా దూరం తీసుకుపోయింది. ‘గోల్డ్‌స్టార్’ను రికార్డు చేసిన కాలిన్ మార్స్టన్ ఆ తర్వాతి కాలంలో గోర్గట్స్‌లో బేస్ వాయించినవాడు. క్వీన్స్‌లోని అతని స్టూడియోలో తయారైన రికార్డులలో ఇంత గజిబిజి మధ్య కూడా ఒక్కో వాద్యం తన చోట తాను ఉంటుంది. కానీ అది బస్సులో వినపడదు. ఇంజన్ రొద సరిగ్గా బేస్ ఉండే కింది స్థాయినే మింగేస్తుంది.

కేఆర్‌పురం శ్రోత:
తీగశ్రుతి గారు చివర్లో అన్న మాటే ఈ ఆల్బమ్‌కు తాళంచెవి అని నా నమ్మకం. కొత్తగొంతు గారూ, మీరు గిటార్‌ను పట్టుకోవడానికి ప్రయత్నించకండి, బేస్‌ను పట్టుకోండి.

చాలా మెటల్ బృందాల్లో బేస్ అనేది గిటార్‌కు నీడలా నడుస్తుంది. ఈ బృందంలో తరచూ దానికి తలకిందులుగా జరుగుతుంది. గిటార్ గోడలా నిలబడి వాతావరణాన్ని కల్పిస్తే, పాటను వినిపించే గీత బేస్‌లో నడుస్తుంది. బ్లాంకో జాజ్ పియానిస్టు కూడా. కార్డు మారేటప్పుడు కింది స్వరం ఎటు నడవాలన్న స్పృహ అతని వేళ్లలో ఉంది. తీగను జార్చి వాయించినప్పుడు అతని బేస్ ఒక మనిషి మూలుగులాగా వినపడుతుంది. ‘హోటల్ స్ఫింక్స్’ను రాత్రి ఇంట్లో, పెద్ద హెడ్‌ఫోన్లతో, శబ్దం మరీ పెంచకుండా వినండి. మొదటిసారి బేస్ తప్ప మరి దేన్నీ వినను అని నిశ్చయించుకోండి. పాట ఎటు పోతోందో తెలిసిపోతుంది. రెండోసారి గతిభేదం గారు చెప్పిన సింబల్‌ను పట్టుకోండి. గిటార్‌ను ఆఖరుకు వదిలేయండి, అదే వచ్చి చేరుతుంది.

లాల్‌బాగ్ వెస్ట్‌గేట్:
ఇంతవరకు అందరూ శబ్దం గురించే రాశారు. నేను ఊరి గురించి రాస్తాను, ఎందుకంటే ఈ బృందం వాయించేది ఊరినే. వీళ్ల పాటల్లో నార్వే అడవులూ మంచూ ఉండవు. 1990ల ఆరంభంలో నార్వేలో రెండో తరం బ్లాక్ మెటల్ స్థిరపరిచిన ఆ దృశ్యాలన్నీ వదిలేసి, వీళ్లు న్యూయార్క్ భవనాలనూ, డబ్బునూ, ఆ డబ్బు కింద కుళ్లుతున్న దాన్నీ తీసుకున్నారు. బంగారు ముసుగులు అందుకోసమే. అవి 1920ల ఆర్ట్ డెకో అనే అలంకార శైలి కాలపు శిల్పాల పోలికతో ఉంటాయి.

ఈ ఆల్బమ్‌లోని ‘లెక్సింగ్టన్ డెలీరియం’ అన్న పాట పేరు చూడండి. ఆ లెక్సింగ్టన్ అవెన్యూ మీదే క్రైస్లర్ భవనం ఉంది. దాని కథ ఈ బృందం సంగీతానికి సరిగ్గా సరిపోతుంది. ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం తమదే కావాలన్న పోటీలో వాస్తుశిల్పి విలియం వాన్ అలెన్ 185 అడుగుల ఉక్కు శిఖరాన్ని భవనం లోపల రహస్యంగా తయారుచేయించి, 1929 అక్టోబరు 23న ఒక్కసారిగా పైకి లేపించాడు. మర్నాడే వాల్ స్ట్రీట్‌లో షేర్ల పతనం మొదలైంది. భవనం 1930లో పూర్తయింది. మరుసటి ఏడాదే ఎంపైర్ స్టేట్ భవనం దాని ఎత్తును దాటేసింది. మెరుపు, పోటీ, పతనం ఒకదాని మీద ఒకటి పడిన ఆ తీరును దృష్టిలో పెట్టుకుని ఆ పాట వింటే, ఎక్కడా నిలబడనివ్వని దాని నడక నాకు అర్థవంతంగా తోస్తుంది.

బెంగళూరులో ఉంటున్న మనకు ఇది పరాయి సంగతి కాదు. 2017 ఫిబ్రవరిలో బెళ్లందూరు చెరువు మంటలంటుకుంది, 2018 జనవరిలో మళ్లీ అంటుకుంది. నీళ్లు ఉండవలసిన చోటు నుంచి పొగ లేస్తుంటే చుట్టూ గాజు అద్దాల ఆఫీసులు మామూలుగా పనిచేశాయి. తెల్లని నురగ గాలికి లేచి రోడ్డు మీద బళ్ల మీద పడటం మనలో చాలామంది కళ్లారా చూశారు. ‘ఇండస్ట్రీ ఆఫ్ మిజరీ’ని వింటున్నప్పుడు నాకు న్యూయార్క్ గుర్తుకు రాదు, ఆ చెరువు గట్టు గుర్తుకు వస్తుంది. అందంగా లేదని ఈ సంగీతాన్ని తప్పుపట్టేవాళ్లను నేను అడిగేది ఒక్కటే: ఇటువంటి విషయాన్ని శ్రావ్యంగా పాడితే అది నిజం చెప్పినట్టవుతుందా?

తీగశ్రుతి:
వెస్ట్‌గేట్ గారూ, మీ పోస్టులోని చివరి వాక్యంతో నేను ఏకీభవించలేను. దుఃఖాన్నీ కుళ్లునూ శ్రావ్యంగా పాడి నిజం చెప్పినవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఈ బృందం సంగీతం కర్కశంగా ఉండటం విషయం వల్ల సమర్థనీయం కానక్కరలేదు, వాయిద్యాల మధ్య జరిగే పని వల్ల సమర్థనీయం అవుతుంది. విషయాన్ని అడ్డం పెట్టుకుంటే రేపు ఏ బృందమైనా నాలుగు అపస్వరాలు వాయించి ‘మా ఊరు ఇలాగే ఉంది’ అనవచ్చు.

గతిభేదం:
తీగశ్రుతి గారి మాటకు చిన్న చేర్పు. మన 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, 40 వివాది మేళాలు ఉన్నాయి. కనకాంగితో మొదలుపెట్టి వాటన్నిటిలోనూ పక్కపక్కనే ఉండి ఒరుసుకునే స్వరాలు ఉంటాయి. చాలాకాలం దోషమని దూరంగా ఉంచిన ఆ రాగాలను తర్వాతి వాగ్గేయకారులూ గాయకులూ ఇష్టంగా చేపట్టారు. అయితే మన దగ్గర ఆ స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, తంబూరా షడ్జం వెనక నిలబడి ఉంటుంది. ఇక్కడ అవి ఒకేసారి మోగుతాయి, వెనక ఆధార షడ్జం ఉండదు. కాబట్టి వివాది రాగాలు విన్న చెవికి ఇది సులువు అవుతుందని అనుకోకండి. ఆ చెవికి ధైర్యం మాత్రం ఉంటుంది.

ఆల్ఫావిల్ పక్షం:
మీ అందరి విశ్లేషణలూ చదివి ఆల్బమ్‌ను మళ్లీ శ్రద్ధగా విన్నాను. బేస్ గురించి శ్రోత గారు చెప్పింది పూర్తిగా నిజం. కానీ నా మొదటి అభ్యంతరం అలాగే ఉంది, దాన్ని ఇంకా కచ్చితంగా చెబుతాను. ఆల్బమ్ నడిమధ్యలో ‘న్యూయార్క్‌సిటీ’ అనే నిమిషమైనా లేని అరుపుల దుమారం ఉంది. వెంటనే ఆల్బమ్ పేరే పెట్టుకున్న ‘గోల్డ్‌స్టార్’ అనే, పాతకాలపు సిగరెట్ ప్రకటన పాటను తలపించే చిన్న తునక ఉంది. నలభై నిమిషాలు కూడా లేని ఆల్బమ్‌లో ఈ రెండింటికీ చోటు ఇచ్చి, లొంబార్డో, హాకె ఉన్న పాటకు మాత్రం ఊపిరి ఆడనివ్వకపోవడం కూర్పులో లోపం. దీన్ని కుదింపు అనలేను.

కేఆర్‌పురం శ్రోత:
ఆ రెండు తునకలను నేను వృథా అనుకోను, కారణం చెబుతాను. న్యూయార్క్‌లో ఈ పద్ధతికి ఒక వంశం ఉంది. జాన్ జోర్న్ తన నేకెడ్ సిటీ బృందంతో 1990 ప్రాంతంలో నిమిషమైనా నిండని ముక్కల్లో జాజ్‌నూ, గ్రైండ్‌కోర్ అనే అతివేగపు హోరు సంగీతాన్నీ, సినిమా సంగీతాన్నీ పక్కపక్కన కుక్కాడు. ఒక శైలి నుంచి మరో శైలికి దారి వేయకుండా దూకడమే అక్కడ రచన. గ్రోహోవ్‌స్కీ స్వయంగా జోర్న్ రచనలను సిములాక్రమ్ బృందంలో వాయించినవాడు, ఆ బడి అతనికి బాగా తెలుసు. అరుపుల దుమారం తెగిన చోట తీయని ప్రకటన పాట మొదలైతే, ఆ తీపి మీద మనకు నమ్మకం పోతుంది. ఆ తర్వాత ‘రాట్ మోడర్న్’ మొదలైనప్పుడు చెవి సిద్ధంగా ఉండదు. నాకు ఆల్బమ్ మొత్తంలో అత్యంత కష్టమైన చోటు అదే, వేగమైన పాటలు కావు.

‘ప్లెజర్‌డోమ్’ విషయంలో మాత్రం మీ వాదనలో బలం ఉంది. అక్కడ ఇంకో రెండు నిమిషాలు ఉంటే నేనూ సంతోషించేవాణ్ని.

మారతహళ్లి కొత్తగొంతు:
అందరికీ కృతజ్ఞతలు. మా పీజీలో ఒకతని దగ్గర గిటార్ ఉంది. తీగశ్రుతి గారు చెప్పినట్టు డి తీగనూ, ఎ తీగ ఆరో ఫ్రెట్‌నూ కలిపి మీటించాను. ఆ కొట్టుకోవడం స్పష్టంగా వినపడింది. అతను వాయిద్యాన్ని చిన్న ఆంప్‌కు తగిలించి డిస్టార్షన్ పెట్టగానే గది కిటికీ అద్దం కూడా జివ్వుమంది. తర్వాత హెడ్‌ఫోన్లు అడిగి తీసుకుని ‘హోటల్ స్ఫింక్స్’ను బేస్ కోసమే విన్నాను. టిన్ ఫ్యాక్టరీ కూడలిలో మూడు వైపుల నుంచి వచ్చిన బళ్లు ఇరుక్కున్నట్టు ఇంతకుముందు తోచిన చోట, బేస్ తన దారిన తాను పైనుంచి కిందికి మెట్లు దిగుతున్నట్టు నడిచింది. గిటార్ దాని చుట్టూ ఉందని తెలిసింది. సింబల్‌ను పట్టుకోవడం మాత్రం ఇంకా చేతకావడం లేదు, రెండు మూడు ఆవర్తాల తర్వాత జారిపోతోంది. ‘ఐ ఆఫ్ మార్స్’ ఇప్పటికీ నాకు నచ్చలేదు. దీని తర్వాత వీళ్ల పాత ఆల్బమ్‌లలో ఏది వినాలో చెబుతారా?

కేఆర్‌పురం శ్రోత:
‘వైల్ లగ్జరీ’ వినండి. అందులో ఇత్తడి వాద్యాలు ఉన్నాయి, గిటార్ చేసే పనినే అవి డిస్టార్షన్ లేకుండా చేస్తాయి కాబట్టి కార్డులు ఎలా కట్టారో మీకు విడిగా వినపడుతుంది.

ఆల్ఫావిల్ పక్షం:
నా సలహా వేరు. నేరుగా ‘ఆల్ఫావిల్’కు వెళ్లండి, ‘సిటీ స్వైన్’తో మొదలుపెట్టండి. తైకో డోళ్లు వచ్చే చోట తాళం మీ చేతికి తనంతట తానే దొరుకుతుంది. అక్కడ అలవాటైన చేతితో ‘గోల్డ్‌స్టార్’కు తిరిగి వస్తే సింబల్ అంత సులువుగా జారిపోదు. ‘ప్లెజర్‌డోమ్’ను అప్పుడు మళ్లీ విని, అది పొట్టిగా ఉందో సరిపోయిందో మీరే ఇక్కడ రాయండి. శ్రోత గారికీ నాకూ ఆ పాట దగ్గర తేల్చుకోవలసింది ఇంకా మిగిలే ఉంది.